సైకాలజీ పాఠాలు వింటే విశ్వాసం చెడుతుందా?

మొన్న ఆరాధన ముగిశాక ఒక తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో సైకాలజీ పాఠాలు వింటోంది. విశ్వాసం చెడదు గదా?" అని అడిగారు.

ఆ అమ్మాయి వింటున్నది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారి ప్రారంభ కోర్సు. ప్రొఫెసర్ పాల్ బ్లూమ్ 2007లో విద్యార్థులకు నడిపిన కోర్సులోని 20 పాఠాలను వీడియో తీసి అందరికీ ఉచితంగా పెట్టారు. సర్టిఫికెట్ ఉండదు, విని నేర్చుకోవడమే. మేమూ విన్నాము.

విశ్వాసిని తడబరచే మాట రెండవ పాఠంలోనే వస్తుంది. మనస్సంటే మెదడు చేసే పనే, దాని వెనుక వేరే ఆత్మ లేదు అంటారాయన. కొట్టిపారేయడం సులువే గాని, ఆ వాదానికి చూపే సాక్ష్యాలు తేలికైనవి కావు. 1848లో అమెరికాలో ఫీనియస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ పుర్రెలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. మనిషి బ్రతికాడు, నడిచాడు, మాట్లాడాడు. అయితే బాధ్యత గల ఆ మనిషి నోటిదురుసుగా, నిలకడ లేకుండా తయారయ్యాడని వైద్యుడు వ్రాశాడు. మెదడుకు దెబ్బ తగిలితే స్వభావం మారగలదని ఒప్పుకోవడానికి మాకేమీ అభ్యంతరం లేదు. అంతమాత్రాన ఆత్మ లేదని తేలిందా? అది ప్రయోగశాల తేల్చే సంగతి కాదు. ఈ తేడా తెలిసిన పిల్లకు భయం లేదు.

మా బాధ వేరు. 18, 19 పాఠాలు మానసిక వ్యాధుల గురించినవి. డిప్రెషన్ అంటే ఊరికే దిగులు కాదు. నిద్రను, ఆకలిని, ఆలోచనను, రేపటి మీద ఆశను కూడా పట్టే వ్యాధి. మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. ఇది వింటుంటే మేము ప్రార్థన చేసి పంపివేసిన ముఖాలు గుర్తొచ్చాయి. నిద్ర రావడం లేదు, అన్నం సహించడం లేదు అని వచ్చిన ఒక తల్లికి విశ్వాసం చాలలేదని చెప్పాము. పైగా ఉపవాసముండమన్నాము! ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దూత అతనికి ముందుగా రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు (1 రాజులు 19). ఆ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో.

ఇరవై పాఠాలతో ఎవరూ కౌన్సిలర్ కాలేరు. ఎవరిని డాక్టరు దగ్గరకు పంపాలో గుర్తుపట్టడానికి మాత్రం అవి కాపరులకు పనికొస్తాయి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు. చర్చి నోటీసు బోర్డు మీద వ్రాసి ఉంచండి.

ఆ తండ్రితో మేము అన్నది ఇంతే: అమ్మాయిని విననివ్వండి. 18వ పాఠం వచ్చిన రోజు మీరూ పక్కన కూర్చోండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ఆమె తెలుగులో చెబుతుంది.