జంతువుల వర్గీకరణ

జంతువులను వాటి శరీర నిర్మాణాన్ని, వంశ సంబంధాలను బట్టి సమూహాలుగా అమర్చి, ప్రతి సమూహానికి ప్రపంచమంతటా చెల్లే పేరు పెట్టే విధానాన్ని జంతువుల వర్గీకరణ అంటారు. దీనిని అధ్యయనం చేసేది వర్గీకరణ శాస్త్రం. ఇంతవరకు శాస్త్రజ్ఞులు వర్ణించిన జంతు జాతులు సుమారు 15 లక్షలు. వీటిలో అత్యధిక భాగం కీటకాలే. నేటి వర్గీకరణకు ఆధారం పైకి కనిపించే పోలిక కాదు, వంశం. ఒకే పూర్వీకుల నుండి వచ్చిన జీవులను ఒకే సమూహంలో చేరుస్తారు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా తెలుగువారికి పరిచయమైన పాములకు సంబంధించినవి.

వర్గీకరణ అవసరం

వాడుక పేర్లు ప్రాంతాన్ని బట్టి మారుతాయి. నాగుపామునే త్రాచుపాము అని కూడా అంటారు. అలాగే పేరు కలిసినంత మాత్రాన జీవులు దగ్గరి బంధువులని చెప్పలేము. రాచనాగు పేరులో 'నాగు' ఉన్నప్పటికీ అది నాగుపాము ఉన్న నాజా ప్రజాతికి చెందినది కాదు. దాని ప్రజాతి ఓఫియోఫాగస్.

రూపం మరింత మోసగిస్తుంది. కట్లపాము శరీరంపై తెల్లని అడ్డపట్టీలు ఉంటాయి. లైకోడాన్ ప్రజాతికి చెందిన ఒక విషరహిత సర్పానికీ అటువంటి పట్టీలే ఉంటాయి. రెండూ రాత్రిపూట తిరిగేవే, ఇళ్ళలోకి వచ్చేవే. అయితే కట్లపాము వెన్ను నడుమ షట్కోణాకారంలో పెద్ద పొలుసుల వరుస ఉంటుంది. రెండవ దానికి ఉండదు. వర్గీకరణలో ఇవి వేర్వేరు కుటుంబాలకు చెందినవి. ఇటువంటి స్థిరమైన లక్షణాలను గుర్తించడం వర్గీకరణలో మొదటి మెట్టు.

వర్గీకరణ స్థాయిలు

వర్గీకరణలో ఏడు ముఖ్య స్థాయిలు ఉన్నాయి. పై నుండి క్రిందికి వచ్చే కొద్దీ సమూహం చిన్నదవుతుంది, సభ్యుల మధ్య బంధుత్వం దగ్గరవుతుంది. నాగుపాము స్థానం ఈ విధంగా ఉంటుంది:

* రాజ్యం: జంతువులు
* వర్గం: కార్డేటా
* విభాగం (తరగతి): సరీసృపాలు
* క్రమం: స్క్వామేటా (బల్లులు, పాములు)
* కుటుంబం: ఎలాపిడే
* ప్రజాతి: నాజా
* జాతి: నాజా నాజా

కట్లపాము కుటుంబం వరకు నాగుపాముతో కలిసి ఉంటుంది. ప్రజాతి దగ్గర వేరవుతుంది. రక్తపింజరి క్రమం వరకే కలిసి ఉండి, వైపరిడే అనే మరొక కుటుంబంలో చేరుతుంది. ఈ అమరిక జీవి లక్షణాలను ముందుగా ఊహించడానికి కూడా తోడ్పడుతుంది. ఎలాపిడే కుటుంబపు పాములకు నోటి ముందుభాగంలో పొట్టిగా, కదలకుండా ఉండే కోరలు ఉంటాయి. వీటిలో పెక్కింటి విషం ప్రధానంగా నాడీ వ్యవస్థపై పనిచేస్తుంది. వైపరిడే పాముల కోరలు పొడవైనవి. నోరు మూసినప్పుడు వెనుకకు మడుచుకుంటాయి. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియను దెబ్బతీస్తుంది.

శాస్త్రీయ నామం

ప్రతి జాతికి ప్రజాతి పేరు, జాతి పేరు కలిసిన రెండు పదాల నామం ఉంటుంది. దీనిని ద్వినామీకరణ అంటారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1758లో ప్రచురించిన 'సిస్టమా నాచురే' పదవ కూర్పును జంతువుల నామకరణానికి ఆరంభంగా స్వీకరించారు. నాగుపామును లిన్నేయస్ ఆ గ్రంథంలో కొలుబర్ నాజా అని పేర్కొన్నాడు. తరువాత దానిని నాజా ప్రజాతిలోకి మార్చారు. 'నాజా' అన్న మాటకు మూలం సంస్కృతంలోని 'నాగ' శబ్దమే.

కట్లపాముల ప్రజాతి పేరు బంగారస్. దీనికి మూలం తెలుగు మాట 'బంగారు'. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉన్న కాలంలో పాములను సేకరించి, వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు పాములపై అతని గ్రంథం 1796లో వెలువడింది. విషసర్పాలను విషం లేని వాటి నుండి వేరుగా గుర్తించడం అతని ముఖ్యోద్దేశాలలో ఒకటి. రక్తపింజరి శాస్త్రీయ నామమైన డబోయియా రస్సెలీ అతని పేరు మీద ఏర్పడినదే.

జాతి అనగా నేమి?

ప్రకృతిలో తమలో తాము జతకట్టి, సంతానోత్పత్తి సామర్థ్యం గల సంతానాన్ని పొందే జీవుల సమూహమే జాతి. 1942లో ఎర్నెస్ట్ మేయర్ ప్రతిపాదించిన ఈ భావన నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. అయితే లైంగికోత్పత్తి లేని జీవులకు, శిలాజాలకు ఇది వర్తించదు.

జెర్రిపోతు నాగుపాముతో జతకడుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. జెర్రిపోతు కొలుబ్రిడే కుటుంబానికి, నాగుపాము ఎలాపిడే కుటుంబానికి చెందినవి కనుక అది అసంభవం. రెండు మగ జెర్రిపోతులు పెనవేసుకొని పోరాడటాన్ని కూడా చాలామంది జతకట్టడంగా పొరబడతారు.

చరిత్ర

క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ జంతువులను రక్తం కలవి, రక్తం లేనివి అని విభజించాడు. లిన్నేయస్ తన గ్రంథపు తొలి కూర్పు (1735)లో తిమింగలాలను చేపలలో ఉంచి, 1758 నాటికి క్షీరదాలలోకి మార్చాడు. 1859లో ఛార్లెస్ డార్విన్ 'జాతుల ఆవిర్భావం' వెలువరించిన తరువాత, సహజమైన వర్గీకరణ అంటే వంశక్రమమే అన్న అవగాహన బలపడింది. 1950లో జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్లీ హెన్నిగ్ వంశవృక్షాన్ని నిర్మించే పద్ధతిని క్రమబద్ధం చేశాడు. తరువాతి దశాబ్దాలలో డీఎన్‌ఏ పరిశీలన ఇందుకు కొత్త ఆధారాలను సమకూర్చింది.

దీని ఫలితంగా ఊహించని బంధుత్వాలు బయటపడ్డాయి. నేడు జీవించి ఉన్న జంతువులలో తిమింగలాలకు అత్యంత సమీప బంధువులు నీటిగుర్రాలు. మొసలి బల్లులకన్నా, పాములకన్నా పక్షులకే దగ్గర. అందువలన పక్షులను మినహాయించిన 'సరీసృపాలు' అన్న విభాగం సంపూర్ణమైన వంశశాఖ కాదని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తారు.

వర్గీకరణలో మార్పులు, వాటి ప్రయోజనం

కొత్త ఆధారాలు లభించినప్పుడు వర్గీకరణ మారుతుంది. ఆగ్నేయాసియాలోని రక్తపింజరిని పూర్వం భారతదేశపు రక్తపింజరికి ఉపజాతిగా భావించేవారు. 2007లో వెలువడిన పరిశోధన దానిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. 2024లో రాచనాగును నాలుగు జాతులుగా విభజించారు.

ఇవి కేవలం పేర్ల మార్పులు కావు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా ప్రకారం 2000 నుండి 2019 వరకు భారతదేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారు. దేశంలో విస్తారంగా వాడే విషవిరుగుడు మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగు పాముల విషానికి విరుగుడుగా తయారు చేస్తారు. ఇది నాలుగింటికీ ఉమ్మడి మందు గనుక, కాటు వేసిన పామును పట్టుకొనే ప్రయత్నంలో కాలయాపన చేయక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

కానీ ఈ నాలుగింటిలో లేని విషసర్పాలు కూడా ఉన్నాయి. తూర్పు, ఈశాన్య భారతదేశంలో కనిపించే నాజా కౌథియా ఒకప్పుడు నాగుపాముకు ఉపజాతిగా లెక్కకు వచ్చేది. నేడది వేరొక జాతి. నాజా నాజా విషంతో తయారైన మందు దానిపై అంత సమర్థంగా పనిచేయకపోవచ్చు. ఒకే జాతిలో కూడా ప్రాంతాన్ని బట్టి విషంలో తేడాలు ఉంటాయి. ఏ ప్రాంతంలో ఏ జాతి ఉన్నదో, దాని బంధువులు ఏవో సరిగా తెలిసినప్పుడే ఏ విషం నుండి మందు తయారు చేయాలో నిర్ణయించడం సాధ్యమవుతుంది.