పైరులలో సూక్ష్మధాతు లోపములు

వ్యవసాయ కార్యక్రమాలకు శ్రోతలు వ్రాసే ఉత్తరాలలో తరచుగా కనబడే ప్రశ్న ఒకటున్నది. "పైరు పసుపు బారినది, ఏమి చల్లవలెను?" అని. ప్రశ్న సబబైనదే. కాని ఇంతమాత్రం విని మందు చెప్పగలవారు ఎవరూ లేరు. చెప్పినచో నమ్మవలసిన పని లేదు. పసుపు బారినది లేత ఆకా, ముదురాకా? ఆకు అంతా పాలిపోయినదా, ఈనెలు పచ్చగానే ఉండి నడిమి భాగము మాత్రమే తెల్లబారినదా? ఈ రెండు సంగతులు తెలిసినప్పుడు సగము రోగము తెలిసినట్లే.

నత్రజని, భాస్వరము, పొటాషు అనేవి పైరుకు అవసరమని ఈనాడు ఎరుగని రైతు లేడు. అవి గాక ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాను, మాలిబ్డినము, క్లోరిను, నికెలు అనే ఎనిమిది మూలకాలు అతి స్వల్ప పరిమాణంలో కావలసి ఉన్నవి. హెక్టారుకు అయిదు టన్నుల ధాన్యము పండే వరిపైరు నేల నుండి నూరు కిలోలకు అటూ ఇటూగా నత్రజనిని తీసుకొన్నచో, జింకును తీసుకొనేది కొన్ని వందల గ్రాములు మాత్రమే. అయినను ఆ కొన్ని వందల గ్రాములు అందనప్పుడు మిగిలిన ఎరువులకు పెట్టిన డబ్బు చాలవరకు వృథా అవుతుంది.

ఏ ఆకును చూడవలెనో, ఎందుకు చూడవలెనో చెప్పుతాను. నత్రజని మొక్కలో కదలగలిగిన పదార్థము. కరవు వచ్చిన ఇంటిలో పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లు, ముదురాకులు తమ నత్రజనిని లేత ఆకులకు పంపి తాము పండిపోతాయి. కాబట్టి నత్రజని లోపము క్రింది ఆకులలో మొదట కనబడుతుంది. ఇనుము అట్లు కాదు. ఒక ఆకులో చేరిన ఇనుము అక్కడి నుండి సులభముగా కదలదు. అందుచేత నేల నుండి సరఫరా తగ్గినంతనే కొత్తగా వచ్చే చిగురుటాకు పాలిపోతుంది. క్రింది ఆకులు పచ్చగానే ఉంటాయి. ఈనెలు పచ్చగా, వాటి నడుమ పసుపుగా కనబడి, లోపము ముదిరినప్పుడు ఆకు కాగితమువలె తెల్లబారుతుంది. సున్నము పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి నేలలలోని వేరుశనగలోను, చెరకు కార్శి తోటలలోను ఇది తరచుగా చూడవచ్చును.

మన ప్రాంతపు వరిపొలాలలో ముఖ్యముగా గమనింపవలసినది జింకు లోపము. నాటిన రెండు నుండి నాలుగు వారాలలో ఇది బయటపడుతుంది. పైనుండి మూడవ, నాలుగవ ఆకులలో మధ్య ఈనె పాలిపోతుంది. ముదురాకుల చివరలందు ఈనెకు ఇరుప్రక్కల ఇటుక రంగు మచ్చలు ఏర్పడతాయి. ఆకు చిన్నదై, పెళుసెక్కి, వంచితే చప్పుడుతో విరుగుతుంది. పిలకలు పెరగవు; పైరు చేనంతా ఒకే రీతిగా గాక ముక్కలు ముక్కలుగా గిడసబారుతుంది. రైతు దీనిని చూచి యూరియా వేస్తాడు. పచ్చబడదు. మరల వేస్తాడు. ఆ పైన తెగులు అనుకొని మరేదో మందు కొట్టిస్తాడు. కౌలుకు చేసేవానికి ఈ మూడు ఖర్చులు కలిసి ఎంత అవుతవో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పొరపాటు రైతులు మాత్రమే పడినది కాదు. హిమాలయ పాదాలలోని తెరాయి ప్రాంతమందు వరి కాచు రంగుకు తిరిగి చచ్చిపోతుండగా దానిని 'ఖైరా' అనే తెగులుగా భావించేవారు. పంతనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయములో తెగుళ్ళ శాస్త్రజ్ఞుడైన యశ్వంత్ లక్ష్మణ్ నేనె 1966లో అది శిలీంధ్రము వలన వచ్చినది కాదనీ, జింకు లోపమే కారణమనీ నిరూపించినారు. వరిపొలములో జింకు లోపమును గుర్తించుటకు లోకములో అదే నాంది. తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు "ఇది తెగులు కాదు" అని చెప్పగలగడము నాకెప్పుడూ మెచ్చుకోదగినదిగా తోస్తుంది. ఆయన తరువాత హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చాలాకాలము పనిచేసినారు.

నేలలో జింకు బొత్తిగా లేకపోవుట అరుదు. ఉన్నది వేరుకు అందకపోవుటే సాధారణము. ఎడతెరపి లేకుండా నీరు నిలువ ఉండే మాగాణి, సున్నపు నేల, చౌడు నేల, మెరక చదును చేయగా అడుగు మన్ను బయటపడిన మడి, పశువుల ఎరువు ఎరుగని పొలము, మోతాదు మించి భాస్వరము వేసిన పొలము: వీటిలో జింకు బంధింపబడి ఉంటుంది.

దీనికి నివారణ తేలికయే. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి దమ్ములో వేయవలెను. ఒకసారి వేసినది రెండు మూడు పైరులకు పనిచేస్తుంది గనుక ఏటేటా వేయనక్కరలేదు. నాటిన తరువాత లోపము కనబడినప్పుడు లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున కలిపి అయిదు రోజుల ఎడముతో రెండు మూడు పర్యాయాలు పిచికారీ చేయవలెను. భాస్వరపు ఎరువుతో కలిపి మాత్రము వేయరాదు. రెండింటికీ నడుమ మూడు రోజులైనా ఎడముండవలెను. కారణము కంటితోనే చూడవచ్చును. డి.ఎ.పి. కరిగించిన నీటిని జింకు సల్ఫేటు నీటిలో పోసినచో గడ్డలు గడ్డలుగా తెల్లని మడ్డి ఏర్పడుతుంది. నేలలోనూ ఇట్టిదే జరిగి జింకు పైరుకు అందకుండా పోతుంది. ఈ పరీక్షకు ఇంకొక ఉపయోగము కలదు. జింకు సల్ఫేటు పేర మెగ్నీషియం సల్ఫేటును అమ్మే మోసము ఉన్నది. రెండూ తెల్లని పలుకులే. మెగ్నీషియం సల్ఫేటు నీటిలో డి.ఎ.పి. నీరు పోసినచో అట్టి మడ్డి ఏర్పడదు.

ఇనుము లోపానికి అన్నభేదిని నేలలో వేసి ప్రయోజనము తక్కువ. సున్నపు నేలలో అది త్వరలోనే త్రుప్పుగా మారిపోతుంది. ఆకుపై చల్లుటే మేలు. 1840 ప్రాంతపు దశకములో ఫ్రాన్సు దేశీయుడైన గ్రీ అనే శాస్త్రజ్ఞుడు పాలిపోయిన ఆకులకు ఇనుప లవణపు నీటిని పట్టించి పచ్చదనము తెప్పించినాడు. నేటి మన పద్ధతికి మూలము అదే. వేరుశనగకు లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు చాలును. ద్రావణము ఎప్పటికప్పుడు కలుపుకోవలెను; గోధుమ రంగుకు తిరిగినది పారబోయవలసినదే.

బోరాను విషయములో చేయి బిగపట్టవలెను. కావలసిన పాలుకూ, హాని చేసే పాలుకూ మధ్య దూరము చాల స్వల్పము. ప్రత్తిలో మొగ్గలు, పిందెలు రాలుటకు బోరాను లోపము కారణమని తేలినప్పుడు లీటరుకు ఒకటిన్నర గ్రాముల వెలిగారమును 60వ, 90వ రోజులలో చల్లుతారు. "ఇంకొంచెము వేస్తే ఇంకొంచెము మేలు" అనే లెక్క ఇక్కడ ఆకులను మాడ్చివేస్తుంది.

అనుమానముగా ఉన్నప్పుడు చేనంతా చల్లక, నాలుగు సాళ్ళలో మాత్రము చల్లి, ప్రక్క సాళ్ళను విడిచి, వారము పది రోజులు చూడవలెను. చల్లిన సాళ్ళలో కొత్త ఆకు పచ్చగా వచ్చినచో లోపము అదే.

పైరు కోసిన తరువాత నేలను పరీక్ష చేయించుట మరువరాదు. 2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య పత్రముల పథకములో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను కూడ చేర్చబడినవి. గిడసబారిన చోటి మన్నును, బాగుగా పెరిగిన చోటి మన్నును వేరు వేరుగా తీయవలెను. కలిపితే ఫలితము రెంటికీ చెందదు. మన్ను పోగుచేయుటకు జింకు పూత పూసిన రేకు బక్కెట్టును వాడరాదు. ఆ పూత రవంత అంటినా పరీక్షలో జింకు సమృద్ధిగా ఉన్నట్లు వస్తుంది. ప్లాస్టిక్ తొట్టి గాని, శుభ్రమైన గుడ్డసంచి గాని వాడవలెను.