సెలైన్ ఇంకో సీసా పెట్టాలా? కాళ్లు ఎత్తి చూస్తే తెలుస్తుంది



ఐ.సి.యు. బయట బెంచీ మీద కూర్చున్న బంధువులు మా సిస్టర్లను తరచుగా అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, సీసా అయిపోయింది, ఇంకోటి పెట్టరా?" కొందరు కాస్త కోపంగానే, "పక్క మంచం ఆయనకు నాలుగు సీసాలు ఎక్కించారు, మా నాన్నకు ఒక్కటి పెట్టి ఆపేశారేమిటి?" అంటారు. అడగడంలో తప్పు లేదు. మన వైపు సెలైన్ అంటే బలం అనే నమ్మకం పాతుకుపోయింది. మిరపకాయల కోతకు వెళ్లి నీరసపడినా, వేట నుంచి వచ్చి ఒళ్లు నొప్పులన్నా "ఒక సెలైన్ పెట్టించుకుంటే సరి" అనుకోవడం వాడరేవు నుంచి పర్చూరు, ఇంకొల్లు దాకా ఉన్నదే.

ముందు ఆ సీసాలో ఏముందో చూద్దాం. అర లీటరు మామూలు సెలైన్‌లో ఉన్నది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. అయిదు శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఒక అరటిపండు ఇచ్చే శక్తికి కాస్త అటూ ఇటూ. నోటితో తాగగలిగిన మనిషికి ఓ.ఆర్.ఎస్., గంజి, మజ్జిగ ఇంతకంటే మేలు. సీసా అవసరమయ్యేది ఒంట్లో నీరు, రక్తం తగ్గి, గుండెకు పంపడానికి సరిపడా రక్తం అందనప్పుడు.

గుండె సంగతి విచిత్రంగా ఉంటుంది. తనలోకి ఎంత రక్తం వచ్చి నిండితే కండరం అంత సాగుతుంది, అంత బలంగా ముడుచుకుని బయటికి నెడుతుంది. జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ 1895లో కప్ప గుండె మీద దీన్ని గమనించారు. 1914లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్, ఆయన సహచరులు కుక్క గుండె మీద చూపారు. కొట్టుకోబోయే ముందు గుండె ఎంత నిండి సాగిందో దాన్నే డాక్టర్లు ప్రీలోడ్ అంటారు. పిల్లల పంగలకర్ర రబ్బరును తలచుకోండి. ఎంత లాగితే రాయి అంత దూరం పోతుంది. కానీ ఒక హద్దు దాటాక ఎంత లాగినా రాయి వేగం పెరగదు. గుండె కూడా అంతే. ఆ హద్దుకు చేరిన గుండెకు ఇంకో సీసా ఎక్కిస్తే ఆ నీరు ముందుకు పోదు. వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రోగికి ఆయాసం పెరుగుతుంది, కొందరికి కృత్రిమ శ్వాస యంత్రం పెట్టాల్సి వస్తుంది. కిడ్నీలు, పేగులు కూడా నీరుపట్టి పని మందగిస్తాయి.

మరి ఎవరి గుండె ఎక్కడ ఉందో పైకి చూస్తే తెలుస్తుందా? ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు మే నెల ఎండలో పని చేసి, వాంతులు, విరేచనాలతో వచ్చిన కూలీ. ఇంకొకరు రాత్రి గడ్డివామి దగ్గర ఎర్రతేలు కుట్టిన రైతు. ఇద్దరికీ చేతులు చల్లగా ఉంటాయి, చెమట, నాడి వేగం. సమయం గడిస్తే ఇద్దరికీ బి.పి. పడిపోవచ్చు. మొదటాయనకు వెంటనే సెలైన్ కావాలి, ఆలస్యం చేస్తే కిడ్నీలు పోతాయి. రెండో ఆయనకు విషం వల్ల గుండే దెబ్బతిని ఉండవచ్చు. ఆయనకు గబగబా సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తులు నిండుతాయి. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ఈ తేలుకాటు రోగులను దగ్గరుండి గమనించి, ప్రాజోసిన్ అనే మాత్రతో ప్రాణాలు కాపాడవచ్చని చూపారు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ ఇద్దరి విషయంలో కనీసం జరిగిందేమిటో తెలుసు. అసలు చిక్కు రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకిన సెప్సిస్ రోగులతో. మొదటి గంటల్లో వారికి సెలైన్ అవసరమే, సాధారణంగా ఇస్తాం. తర్వాత రెండో సీసా, నాలుగో సీసా ఎవరికి పనికొస్తుంది? ఐ.సి.యు. రోగులపై జరిగిన అధ్యయనాలు చెప్పేదేమిటంటే, ఇలాంటి వారిలో సుమారు సగం మందికే అదనపు ద్రవం వల్ల గుండె పంపే రక్తం పెరుగుతుంది. మిగతా సగం మందికి ఆ సీసా ఉత్త బరువు.

మేము నర్సింగ్ చదివిన రోజుల్లో దీనికి సి.వి.పి. కొలత ఉండేది. మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం వేసి, మంచం పక్కన స్కేలుకు కట్టిన ట్యూబులో నీటి మట్టం ఎన్ని సెంటీమీటర్లుందో చూసి చార్టులో రాసేవాళ్లం. అంకె తక్కువైతే ద్రవం ఇవ్వడం, ఎక్కువైతే ఆపడం. 2008లో అమెరికా వైద్యులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆ అంకెను బట్టి ఎవరికి ద్రవం పనిచేస్తుందో చెప్పలేమని తేలింది. ఆ గొట్టం మందులకు ఇప్పటికీ కావాలి. ఆ అంకె ఒక్కదాన్నే నమ్ముకోవడం మాత్రం తగ్గింది.

ఇప్పుడు చేసే పరీక్షల్లో నాకు బాగా నచ్చినది కాళ్లు ఎత్తి చూడడం. తలవైపు పైకి లేపి ఉన్న మంచాన్ని మొత్తంగా వాల్చి, తల, ఛాతీ చదునుగా, కాళ్లు 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా చేస్తాం. కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తం, సుమారు 300 మిల్లీలీటర్లు, గుండెవైపు జారుతుంది. అంటే రోగి సొంత రక్తాన్నే ఒక చిన్న సీసాలాగా ఎక్కించి చూసినట్టు. ఒక నిమిషంలోపే ఎకో యంత్రంతో గుండె ఎంత పంపుతోందో డాక్టరుగారు కొలుస్తారు. పది శాతమో అంతకన్నా ఎక్కువో పెరిగితే ఆ గుండె ఇంకా తీసుకోగలదు. పెరగకపోతే మంచం మామూలుగా పెట్టేస్తాం, రక్తం తిరిగి కాళ్లలోకి పోతుంది. ఒంట్లోకి ఒక్క చుక్క అదనంగా పోలేదు, నష్టం లేదు. ఫ్రాన్సులో డాక్టర్ మోనే, డాక్టర్ తెబుల్, వారి బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంతో ఈ పద్ధతికి మంచి ఆధారం దొరికింది. తలకు దెబ్బ తగిలినవారికి, కాలు విరిగినవారికి దీన్ని చేయరు. మీరు ఇంట్లో ప్రయత్నించవద్దు. ఆయాసపడుతున్న మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే ఆయాసం ఎక్కువవుతుంది. అటువంటి వారిని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి.

ఇంకో సంగతి. మీకూ నాకూ కాళ్లు ఎత్తినా గుండె ఎక్కువే పంపుతుంది. అంతమాత్రాన మనకు సెలైన్ కావాలని కాదు కదా! గుండె తీసుకోగలదా అన్నది ఒక ప్రశ్న, ఒంటికి అవసరమా అన్నది ఇంకొకటి. అందుకే డాక్టరుగారు వేలి గోరు నొక్కి వదిలి రంగు ఎంతసేపట్లో వస్తుందో చూస్తారు, ఊపిరితిత్తులు వింటారు. మేము గంట గంటకూ మూత్రం కొలుస్తాం. అరవై కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి.

ద్రవం ఇవ్వడం ఎప్పుడూ మంచిదే అనుకునేవారు ఒక అధ్యయనం వినాలి. కెన్యా, టాంజానియా, ఉగాండా దేశాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన మూడు వేలమందికి పైగా పిల్లలపై జరిగిన ఆ అధ్యయనం 2011లో వెలువడింది. గబగబా సెలైన్ ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లో నూటికి పదిమందికి పైగా చనిపోయారు. అలా ఎక్కించకుండా నెమ్మదిగా చూసుకున్నవారిలో ఏడుగురు. వైద్యలోకం నివ్వెరపోయింది. విరేచనాలతో వచ్చిన పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు, వారికి నీరు అందించడం తప్పనిసరే. అలాగే అక్కడి ఆసుపత్రుల్లో ఐ.సి.యు.లు లేవు. కనుక దాన్ని అన్నిచోట్లా యథాతథంగా వర్తింపజేయలేం. అయినా "ఎందుకైనా మంచిది, ఒక సీసా" అన్న మాటను అది గట్టిగా ప్రశ్నించింది.

డెంగీలోనూ ఇదే చిక్కు. జ్వరం తగ్గే రోజుల్లో రక్తనాళాల నుంచి నీరు కారిపోతుంది, అప్పుడు జాగ్రత్తగా ద్రవం ఇవ్వాలి. ఒకటి రెండు రోజుల్లో ఆ నీరే తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సీసాలు నడుస్తుంటే ఆయాసం మొదలవుతుంది. "నిన్న పెట్టారు, ఇవాళ ఎందుకు తీసేశారు" అని అడిగేవారికి సమాధానం ఇదే. కొన్నిసార్లు ఆపడమే కాదు, నీరు దిగడానికి ఇంజెక్షన్ కూడా ఇస్తారు.

బంధువులు మాకు చేయగల సాయం చాలా ఉంది. సెలైన్ చుక్కల వేగం తిప్పే చక్రాన్ని ముట్టుకోకండి. ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లు చాటుగా పట్టకండి, పట్టి ఉంటే చెప్పండి, మేము తిట్టం, రాసుకుంటాం. మూత్రం సంచీ నిండిందని మీరే పారబోస్తే ఆ గంట లెక్క పోయినట్టే. గుండెకు స్టెంటు వేయించుకున్నా, కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నా, పడుకుంటే ఆయాసం వస్తున్నా, పాదాలు వాస్తున్నా మొదటే చెప్పండి. ఇక్కడికి రాకముందు ఊళ్లో ఎన్ని సీసాలు ఎక్కించారో తప్పక చెప్పండి. చీటీ లేకపోతే ఖాళీ సీసాలే సంచిలో వేసుకుని రండి, మేము లెక్కపెట్టుకుంటాం.