బఱ్ఱెలకును ఎడ్లకును వచ్చు సర్రా రోగము

వానలు పడి చెఱువులు నిండి, నాట్లు ముగియు దినములలో మన మడికొండ చుట్టుపట్ల కొట్టములలో జోరీగల రొద హెచ్చును. చెఱువుల యంచులందలి బురదయే వీనికి పుట్టినిల్లు. పశువు తోక విసరుట, చర్మము వడకించుట, కాలు నేలకు కొట్టుట చూచి రైతు ‘ఈగల బాధ’ యని యూరకుండును. ఈ బాధ కంటికి కనబడునది. కనబడనిది మఱియొకటి కలదు. జోరీగ యొక పశువు రక్తమును మఱియొక పశువునకు మోసికొని పోవును. ఆ రక్తమున సర్రా యను రోగము నున్నచో నదియును వెంట పోవును. సంఘమున అప్పు తీసికొని కొన్న బఱ్ఱె చచ్చినను అప్పు చావదు గనుక, ఈ రోగమును గూర్చి సభ్యులకు కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ఈ రోగమును కలిగించునది రక్తములో నీదుచుండు ఏకకణ జీవి. 1880వ సంవత్సరమున గ్రిఫిత్ ఇవాన్సు అను పశువైద్యుడు, నేడు పాకిస్తానులో నున్న డేరా ఇస్మాయిల్ ఖాను ప్రాంతమున గుఱ్ఱములును ఒంటెలును ఈ జబ్బుతో చచ్చుచుండగా, వాని రక్తమును సూక్ష్మదర్శిని క్రింద నుంచి దీనిని కనుగొనెను. అందుచేత దీనికి ట్రిపనోసోమా ఇవాన్సి అని పేరు వచ్చినది. ఎఱ్ఱకణమునకు నాలుగైదు రెట్లు పొడవుండి, చిన్న పామువలె మెలికలు తిరుగుచు, అడ్డువచ్చిన కణములను త్రోసికొనుచు పోవును. ఒకసారి చూచినవారు దీనిని మఱవరు.

దోమ వలన చలిజ్వరము వచ్చుననుట మన యందఱికిని తెలియును. ఆ సంగతిని రొనాల్డ్ రాసు అను వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులోనే దోమ కడుపును పరీక్షించి తేల్చెను. అయితే ఆ రోగపు క్రిమి దోమ కడుపులో పెరిగి, రూపములు మార్చుకొని, మఱల కుట్టుటకు సిద్ధపడుటకు పది దినములకు పైగా పట్టును. సర్రాకు అంత వ్యవధి యక్కఱలేదు. జోరీగ కత్తివంటి నోటితో చర్మమును కోసి రక్తము త్రాగును. నొప్పికి పశువు తోకతో కొట్టగా, కడుపు నిండకమునుపే లేచి ప్రక్కనున్న పశువుపై వ్రాలును. దాని నోటికంటిన రక్తము ఇంకను పచ్చిగా నుండును. ఆ కొద్ది నిమిషములలోనే రోగము చేయి మారును. ఆ రక్తము ఎండిన పిమ్మట క్రిమి బ్రదుకదు. ఇంటి యీగవలె నుండి, సూదివంటి నోరు ముందునకు పొడుచుకొనియుండు కొట్టపు ఈగయు నిట్లే చేయును. కావున ఈగ ఎక్కడనుండి వచ్చినదను దానికంటె, ఆ ఈగ అంతకుముందు ఏ పశువుపై కూర్చున్నదను ప్రశ్న ముఖ్యము.

ఇక్కడనే మన రైతులు మోసపోవుచున్నారు. రోగమున్న పశువు రోగిగా కనబడునని వారి నమ్మకము. గుఱ్ఱము, ఒంటె, కుక్క వీనియందు సర్రా సాధారణముగా తీవ్రముగనే బయటపడును. బఱ్ఱెలును ఎడ్లును అట్లు కావు. అవి క్రిమిని నెలల తరబడి రక్తములో దాచుకొని, మేయుచు, పాలిచ్చుచు, నాగలి లాగుచుండును. పశువు దేహము క్రిమిని పోల్చుకొని చంపబూనుసరికి, అది తన పైపొరను మార్చి వేఱు వేషము వేయును. అందుచేతనే జ్వరము వచ్చుచు పోవుచుండును, అందుచేతనే నేటికిని దీనికి టీకా లేదు. సంతలో నిగనిగలాడు బఱ్ఱెను కొని తెచ్చి మన కొట్టములో కట్టితిమేని, దానికేమియు కాకపోవచ్చును. దాని ప్రక్కనున్న పాత పశువు చావవచ్చును.

దాగియున్న రోగము ఎప్పుడు పైకి వచ్చును? పశువునకు కష్టము కలిగినప్పుడు. ఈనిన పిమ్మట, లారీలో దూర ప్రయాణము చేసినప్పుడు, మేత చాలనప్పుడు, దుక్కిలో నలిగినప్పుడు, లేదా వేఱొక జబ్బు తోడైనప్పుడు అది తల యెత్తును. మెల్లగా వచ్చిన యెడల జ్వరము విడిచి విడిచి వచ్చును, కండ్లనుండి నీరు కారును, కంటి లోపలి పొర తెల్లబడును, గంగడోలును కాళ్లును వాచును, మేయుచున్నను పశువు చిక్కిపోవును. పాలు తగ్గును. చూడిపశువు ఈచుకొనిపోవుటయు కలదు. ఇట్టి పశువునకు గొంతువాపు టీకా వేసినను సరిగా పట్టదు. టీకా వేయించితిమి గదా యని నిశ్చింతగా నుండు రైతునకు ఇది రెండవ నష్టము.

తీవ్రముగా వచ్చిన యెడల వేఱు విధము. పశువు ఉన్నట్టుండి గుండ్రముగా తిరుగును. తల గోడకు ఆనించి త్రోయును, తూలును, పండ్లు కొఱుకును, పడి కాళ్లు కొట్టుకొని కొన్ని గంటలలోనే చచ్చును. ఊళ్లో దీనిని గాలి సోకినదందురు, పిచ్చికుక్క కఱచినదందురు. పోచమ్మకు మ్రొక్కుకొనుటను మేము కాదనము. మ్రొక్కుకొని వెంటనే పశువైద్యునికి కబురు పంపుడని మాత్రము చెప్పుచున్నాము. పిచ్చికుక్క కాటును ఇట్టి లక్షణములనే చూపవచ్చును గనుక, వైద్యుడు చూచువఱకు అట్టి పశువు నోటిలో చేయి పెట్టరాదు, గొట్టముతో మందు పోయరాదు.

రోగనిర్ణయమునకు చెవి సిరనుండి తీసిన ఒక్క రక్తపుబొట్టు చాలును. అద్దపు పలుకపై వేసి వెంటనే చూచిన యెడల కదలుచున్న క్రిమి కనబడును. పలుచగా పూసి ఆరబెట్టిన అద్దమునకు రంగు వేసియు చూతురు. జ్వరము కాయుచున్నప్పుడు తీసిన రక్తములో క్రిములు మిక్కుటముగా నుండును, జ్వరము విడిచినప్పుడు అరుదు. కనుక ‘నిన్న కాసినది, నేడు తగ్గినది, రేపు చూతము’ అనుట పనికిరాదు. ఒకసారి క్రిమి కనబడలేదన్నంత మాత్రమున రోగము లేదనియు చెప్పరాదు. అనుమానము గట్టిగా నున్నచో మఱల రెండు మూడు మాఱులు చూపవలెను. దాగిన రోగమును పట్టుటకు ప్రయోగశాలలలో ఇంతకంటె సూక్ష్మమగు పరీక్షలును నేడు కలవు. వానిని గూర్చి మామునూరు పశువైద్య కళాశాలలో విచారింపవచ్చును.

మందు కలదు. క్వినాపిరమిన్ అను మందును చర్మము క్రింద సూదితో వేయుదురు. అందొక రకము కొన్ని వారములపాటు క్రొత్త రోగము సోకకుండ కాపాడును. ఈ క్రిమి రక్తములోని చక్కెరను తినివేయును గనుక, పడిపోయిన పశువునకు గ్లూకోజు కూడ నెక్కింతురు. అయితే ఒక సీసా మందును రెండు పశువులకు పంచి వేయుమని వైద్యుని బ్రతిమాలు రైతులు కలరు. ఇది ఆదా కాదు. సగము మందుకు చావక మిగిలిన క్రిములు ఆ మందునకు అలవాటుపడి, మఱునాడు పూర్తి మోతాదునకును లొంగవు. అప్పుడా బాధ ఒక్క యింటిది గాక ఊరంతటిది యగును.

పిల్లులకును కుక్కలకును ఈ రోగము మఱియొక దారిని కూడ వచ్చును. చచ్చిన పశువు పచ్చి మాంసమును తినునప్పుడు నోటిలోని చిన్న గాయము గుండ క్రిమి లోనికి పోవును. కుక్కకు ముఖము వాచి, కంటిగ్రుడ్డు తెల్లబడి చూపు పోవును. పిల్లులలో ఇది అరుదు, సోకిన యెడల కండ్లే ముందుగా చెడును. పిల్లికి అక్కయైన పెద్దపులి సంగతియు నిదియే. ఒడిస్సాలో భువనేశ్వరము చేరువనున్న నందనకానన జంతుశాలలో 2000 జూలైలో పదికి పైగా పులులు ఈ రోగము సోకి చచ్చినవి. బోనులోని పులికే యీ గతి పట్టినప్పుడు మన పెరటి పిల్లిని గూర్చి చెప్పనేల? సర్రాతో చచ్చిన పశువును కోసి కుక్కలకు వేయక, లోతుగా గొయ్యి త్రవ్వి పూడ్చవలెను.

మనుష్యులకు భయము మిక్కిలి తక్కువ. మన రక్తములోని యొక పదార్థము ఈ క్రిమిని చంపును. మన రాష్ట్రపు సరిహద్దునకు ఆవలనున్న చంద్రపురము జిల్లాలో 2004లో ఒక పశువుల కాపరికి ఇది సోకినట్లు తేలినది. అతని రక్తములో ఆ పదార్థము పుట్టుకతోనే లేకుండెను. సురామిన్ అను మందుతో అతడు కోలుకొనెను. ఇట్టివి అత్యంత అరుదు.

ఇక ఈగల మాట. జోరీగలను నిర్మూలించెదమనుట వట్టి మాట, చెఱువున్నంతకాలము అవియు నుండును. చేయదగినవి వేఱు కలవు. జోరీగ ఎండలో తిరుగును, చీకటి కొట్టములోనికి సామాన్యముగా రాదు. కనుక నడిపొద్దున పశువులను చెఱువుగట్టున కట్టక నీడపట్టున నుంచవలెను. కొట్టపు ఈగ మూత్రముతో తడిసి కుళ్లిన వరిగడ్డిలోను పెంటలోను గ్రుడ్లు పెట్టును. వారమునకొకసారియైనను ఆ చెత్తను తీసి దూరముగా వేసి ఎండనిచ్చిన యెడల దాని సంతతి నశించును. సాయంకాలము వేపాకు పొగ మేలే, కాని పొగ ఆరినంతనే ఈగ మఱల వచ్చును. స్తోమతు గలవారు కొట్టమునకు దోమతెర కట్టవచ్చును.

సంతనుండి తెచ్చిన పశువును నెల దినములు పాత పశువులకు దూరముగా, వీలైన ఏబది అరువది గజముల యెడమున కట్టవలెను. ఆకలిగొన్న జోరీగ చేరువనున్న పశువునే వెదకును గాని అంత దూరము పోవుట తక్కువ. ఆ నెలలో ఉదయము సాయంకాలము దాని జ్వరము చూచుచు, కాసిననాడే రక్తము తీయించవలెను. మందు వేయించిన పశువునకును నెల దాటిన పిమ్మట మఱియొకసారి రక్తపరీక్ష చేయించి, తేదీని సంఘపు పశువుల పుస్తకములో వ్రాయించుకొనవలెను.