నాజిల్ చుట్టూ పలచని గిన్నె

ఇంజన్‌లో లీకుంటే నేల చెబుతుంది. బండి పక్కకు తీశాక మరక నల్లగా ఉంటే ఆయిల్ అనీ, పచ్చగా ఉంటే కూలెంట్ అనీ మెకానిక్ కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తాడు. నేల మీద చుక్క పడకుండా, లోపల్లోపలే ఒక కాలవలోంచి ఇంకో కాలవలోకి కారితే? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అదీ సంగతి.

అమెరికాలో 1994 నుంచి 2003 దాకా ఫోర్డ్ పెద్ద పికప్ ట్రక్కుల్లో వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ వి8 డీజిల్ ఇంజన్‌ను తీసుకుందాం. తయారుచేసింది నావిస్టార్. మొండి ఇంజన్‌గా దానికి మంచి పేరుంది. వయసు మీరాక దానికి వచ్చే జబ్బుల్లో ఒకటి చిత్రమైనది. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గదు, పెరుగుతుంది. మూత తీస్తే గుప్పున డీజిల్ వాసన.

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను పరీక్షకు పెట్టినప్పుడు ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదింది గాలి. దానికోసం విడిగా ఒక కంప్రెసర్‌ను మోయాల్సి వచ్చేది. 1927లో బాష్ పంపు వచ్చి ఆ బరువు దించింది. జనరల్ మోటార్స్ వాళ్లు మరో అడుగు వేసి పంపునూ ఇంధనం చిమ్మే నాజిల్‌నూ ఒకే ముక్కగా కలిపి, దాన్ని ప్రతి సిలిండర్ నెత్తిమీదా దించారు. అలాంటి విన్‌టన్ 201ఎ ఇంజన్లు 1933 షికాగో ప్రదర్శనలో తిరిగాయి. వాటిని కాపలా కాసిన ఇంజనీరు యూజీన్ కెటరింగ్ తర్వాత చమత్కరించాడు: ఇబ్బంది పెట్టని భాగం తనకు గుర్తున్నంతలో ఆయిల్ చూసే పుల్ల ఒక్కటేనని. అయినా మరుసటేడు మే 26న అదే కుటుంబపు ఇంజన్‌తో జెఫైర్ రైలు డెన్వర్ నుంచి షికాగోకు 1,015 మైళ్లు 13 గంటల 5 నిమిషాల్లో పరుగెత్తింది.

నాజిల్ సిలిండర్ హెడ్డు నడుమకు చేరడంతో కొత్త చిక్కు వచ్చింది. కింద మంట, చుట్టూ చల్లబరిచే నీళ్లు. మన 7.3 ఇంజన్‌లో నాజిల్‌కు డీజిల్ అందించే కాలవ కూడా హెడ్డులోనే తొలిచి ఉంటుంది. ఇన్నిటి మధ్యా ఉన్నది ఒక పలచని లోహపు గిన్నె. నాజిల్ దాంట్లో కూర్చుంటుంది. గిన్నెకు ఆవల కూలెంట్, ఈవల డీజిల్. నాజిల్‌ను నడిపేది ఇంజన్ ఆయిలే. చదరపు అంగుళానికి 3,000 పౌన్ల దాకా ఒత్తిడితో వచ్చి లోపలి పిస్టన్‌ను నొక్కుతుంది. పైభాగం కిందిభాగానికి ఏడింతలు కాబట్టి డీజిల్ 21,000 పౌన్ల దాకా పోటెత్తి చిమ్ముతుంది. కానీ గిన్నెను ముంచేది ఈ పోటు కాదు. కాలవలో డీజిల్ 50 పౌన్లకు అటూ ఇటూ నిలుస్తుంది, కూలెంట్ మూత 15 దగ్గరే ఊపిరి వదులుతుంది. వేడికీ చలికీ గిన్నె సన్నగా చీలినా, పట్టు వదిలినా, పాత కూలెంట్‌లో లోహాన్ని కాపాడే మందు అయిపోయి లోహానికి గుంటలు పడినా, ఎక్కువ ఒత్తిడి ఉన్నవాడే గోడ దూకుతాడు. అందుకే ఇంజన్ నడిచినంతసేపూ డీజిలే కూలెంట్‌లోకి పోతుంది. ఆపేశాక, ఇంకా వేడి మీదున్న కూలెంట్ వెనక్కి తిరగడానికీ అవకాశం ఉంది.

ఇది హెడ్ గ్యాస్కెట్ పని అనుకుని హెడ్డు దించేస్తే డబ్బు దండగ. గ్యాస్కెట్ పోతే డబ్బాలో పొగ బుడగలు లేస్తాయి. ఆయిల్ కూలర్ పోతే కూలెంట్ మీగడలా చిక్కబడుతుంది. డీజిల్ పలచగానే ఉండి, పైన ఇంద్రధనుస్సు రంగుల తెట్టు కడుతుంది. అనుమానముంటే కాగితం మీద ఒక చుక్క వేసి చూడండి. నీరు ఆరిపోతుంది, డీజిల్ ఉంటే మిర్చిబజ్జీ పొట్లానికి పట్టినట్టు మరక మిగులుతుంది.

దొంగ దొరికాడు సరే, ఎనిమిది గిన్నెల్లో ఏది? నాజిళ్లు తీసి, గుంతలు తుడిచి ఆరబెట్టి, కూలెంట్ వైపు చేతిపంపుతో 15 పౌన్లు ఎక్కిస్తారు. టార్చి వేసి ఒక్కో గుంతా చూడాలి, తొందర కూడదు. ఒకదాని గోడ మీద ముందు తడి మెరుస్తుంది. కాసేపటికి అది చుక్కై జారుతుంది.

ఈ ఇంజన్‌లో హెడ్డు దించకుండానే గిన్నె మార్చవచ్చు. కూలెంట్ దించి, గిన్నె లోపల మరలు కోసి, పుల్లర్‌తో లాగుతారు. కోసేముందు అడుగు రంధ్రం మూయాలి, రజను సిలిండర్‌లో పడితే కొత్త కథ మొదలవుతుంది. గుంత శుభ్రం చేసి, లాక్‌టైట్ జిగురు పూసిన కొత్త గిన్నెను సూటిగా దిగేలా కొట్టి, ఆరనిస్తారు. మొదటిసారి ఇంజన్ తిప్పేముందు గ్లో ప్లగ్గులు విప్పి ఉంచాలి. ఆ రంధ్రాలు మూసి ఉండగా సిలిండర్‌లో డీజిల్ నిలిచి ఉంటే పిస్టన్ దాన్ని అణచలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

తర్వాత కడగడం. వేణ్నీళ్లు ఒక్కటే డీజిల్ జిడ్డును వదిలించవు, నురగ రాని సబ్బుపొడి కలిపి రెండు మూడు విడతలు తిప్పాలి. రబ్బరు హోసులను చేత్తో నొక్కి చూడండి. కూలెంట్‌ను తట్టుకునే ఆ రబ్బరు డీజిల్ తాగి ఉబ్బుతుంది. నానిన తోలులా వేళ్లకు మెత్తగా తగిలిందంటే ఆ హోసు పని అయిపోయింది, కొత్తది వేయాల్సిందే.