వానచుక్క వాంగ్మూలం

నీటికి అమరకోశం చెప్పిన పర్యాయపదాలలో ‘జీవనం’, ‘అమృతం’ అనేవి కూడా ఉన్నాయి. ఆకాశం నుండి నేరుగా దిగివచ్చే వాననీటిని మించిన నిర్మలజలం లేదని మన పూర్వులు విశ్వసించారు. పారిశ్రామిక యుగం ఆ విశ్వాసానికి విఘాతం కలిగించింది. బొగ్గును, చమురును మండించినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వాయుమండలంలో మార్పు చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, నైట్రిక్ ఆమ్లంగా పరిణమిస్తాయి. అవి వానతో కలిసి నేలకు దిగుతాయి. అదే ఆమ్లవర్షం. దానికి ప్రత్యేకమైన రంగు లేదు, వాసన లేదు. చేతితో తాకినా మామూలు వాననీటికీ దానికీ భేదం తెలియదు. చెరువులో చేపలు నశించిన తరువాత, శిల్పాల ముక్కుచెవులు అరిగిపోయిన తరువాత దోషాన్ని గుర్తించి ప్రయోజనమేమిటి? అందుకే వానచుక్కను పట్టి పరీక్షించే విద్య అవసరమైంది.

ఈ విద్యకు ఆద్యుడు స్కాట్లండ్‌కు చెందిన రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్. ఆయన ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిసరాలలో వాననీటిని పరీక్షించి, దూరపు పొలాల మీద కురిసిన వానకూ, నగరం నడుమ కురిసిన వానకూ గుణభేదం ఉన్నదని 1852లో వెల్లడించాడు. నగరంలోని వానలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్నట్లు గమనించాడు. 1872లో వెలువడిన తన గ్రంథంలో ‘ఆమ్లవర్షం’ అనే మాటను ప్రయోగించాడు.

ఆమ్లత్వాన్ని కొలిచే మానం పి.హెచ్. దీనిని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. పి.హెచ్. 7 అయితే తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల స్వచ్ఛమైన వాననీటి పి.హెచ్. కూడా సుమారు 5.6 ఉంటుంది. సాధారణంగా అంతకు తగ్గిన వానను ఆమ్లవర్షంగా భావిస్తారు. ఈ మానంలో ఒక మెలిక ఉంది. పి.హెచ్. ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. కాబట్టి పి.హెచ్. 4 గల వాన, పి.హెచ్. 6 గల వాన సమపాళ్లలో కురిస్తే సగటు 5 అనుకోవడం పొరపాటు. హైడ్రోజన్ అయాన్ల గాఢతను లెక్కించి సగటు తీస్తే అది సుమారు 4.3 అవుతుంది. ఎంత వాన కురిసిందో తెలియనిదే సరైన సగటు రాదు. అందుకే నమూనా సేకరించే చోట వర్షమాపకం తప్పనిసరి.

నమూనా సేకరణ చూడడానికి సులభం, ఆచరణలో కఠినం. గరాటును ఎప్పుడూ తెరిచి ఉంచితే వాన లేని రోజుల్లో దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు పడతాయి. దీనికి పరిష్కారంగా స్వయంచాలక సేకరణ యంత్రాలు వచ్చాయి. తొలి చినుకు స్పర్శను గ్రహించగానే మూత తెరుచుకుంటుంది. వాన వెలియగానే మూసుకుంటుంది. యంత్రాన్ని చెట్లకు, భవనాలకు, పొగగొట్టాలకు, రహదారులకు దూరంగా నిలుపుతారు. గాజు నుండి సోడియం వంటివి నీటిలోకి దిగవచ్చు కనుక పాలిథీన్ సీసాలను వాడతారు. వాటిని అయాన్లు తొలగించిన నీటితో పలుమార్లు కడుగుతారు. సీసా లోపల వేలు తగిలినా చెమటలోని ఉప్పు నమూనాను పాడు చేస్తుంది. సీసా, గరాటు శుభ్రంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి అప్పుడప్పుడు వాననీటికి బదులుగా శుద్ధజలాన్నే వాటి గుండా పోసి పరీక్షిస్తారు. సేకరించిన నీటిలో సూక్ష్మజీవులు అమ్మోనియంను, నైట్రేటును హరించకుండా దానిని సుమారు నాలుగు డిగ్రీల చల్లదనంలో భద్రపరుస్తారు.

ప్రయోగశాలలో మొదటి పరీక్షలు పి.హెచ్., విద్యుద్వాహకత. పి.హెచ్. తెలిసిన రెండు బఫర్ ద్రావణాలతో సాధనాన్ని సరిచూసిన తరువాతనే గాజు ఎలక్ట్రోడును వాననీటిలో ముంచుతారు. వాననీటిలో లవణాలు అత్యల్పం కావడం వల్ల ముల్లు స్థిరపడడానికి సమయం పడుతుంది. తొందరపడినవానికి తప్పు విలువ దక్కుతుంది. తరువాత నీటిని సన్నని రంధ్రాల పొరతో వడగడతారు. సల్ఫేట్, నైట్రేట్, క్లోరైడ్ అనే ఋణ అయాన్లను అయాన్ క్రొమటోగ్రఫీ విధానంలో వేరు చేసి కొలుస్తారు. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియం అనే ధన అయాన్ల లెక్క కూడా తీస్తారు.

ఇన్ని అంకెలు నిజమేనని నమ్మడం ఎట్లా? దీనికి ప్రకృతే ఒక తూకం ఇచ్చింది. ఏ నీటిలోనైనా ధనావేశాల మొత్తం, ఋణావేశాల మొత్తం సమానంగా ఉండాలి. రెండు పళ్లాలూ సరితూగకపోతే కొలతలో తప్పు దొర్లిందని గాని, లెక్కకు రాని సేంద్రియామ్లాల వంటివి నీటిలో ఉన్నాయని గాని గ్రహించాలి. అయాన్ల గాఢతలను బట్టి గణించిన విద్యుద్వాహకతను, సాధనంతో కొలిచిన విలువతో పోల్చడం రెండవ పరీక్ష. రెండింటిలోనూ నెగ్గని ఫలితాన్ని తిరిగి పరిశీలించవలసిందే.

అంకె సరైనదైనంత మాత్రాన అర్థం తెలిసినట్లు కాదు. తీరప్రాంతపు వానలో సముద్రపు తుంపరల నుండి వచ్చిన సల్ఫేట్ కొంత ఉంటుంది. సోడియం పరిమాణాన్ని ఆధారం చేసుకొని ఆ భాగాన్ని తీసివేస్తే మిగిలిన దానిలో ఎక్కువ భాగం సాధారణంగా మనిషి పాపమే. మన దేశంలో మరొక చిక్కు ఉంది. నేల నుండి లేచిన ధూళిలోని కాల్షియం కార్బొనేట్, పొలాల నుండి, పశువుల నుండి వెలువడే అమ్మోనియా ఆమ్లాన్ని తటస్థపరుస్తాయి. అప్పుడు పి.హెచ్. 6 దాటి ఉన్నా నీటిలో సల్ఫేట్ అధికంగా ఉండవచ్చు. ఆమ్లం లేదంటే కాలుష్యం లేదని కాదు. పి.హెచ్. ఒక్కటే చూసి తృప్తిపడేవారు ఇక్కడే మోసపోతారు.

ఈ కొలతల విలువ ఎంతటిదో ఐరోపా అనుభవం చాటుతుంది. తమ సరస్సులలో చేపలు నశించడానికి ఇతర దేశాల పొగ కారణమని స్వీడన్, నార్వే దేశాలు వాదించాయి. సరిహద్దులు దాటే గాలిపై నేరం మోపాలంటే సాక్ష్యం కావాలి. 1970లలో అనేక దేశాలలో ఒకే పద్ధతిలో సేకరించిన నమూనాలు ఆ సాక్ష్యాన్ని ఇచ్చాయి. ఫలితంగా 1979లో జెనీవాలో, సుదూరం ప్రయాణించే వాయుకాలుష్యంపై దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అరణ్యంలో 1963లో మొదలైన పరిశీలన, 1978లో ఏర్పడిన జాతీయ సేకరణ వ్యవస్థ 1990 నాటి చట్టసవరణకు బలం చేకూర్చాయి. తరువాతి దశాబ్దాలలో వానలోని సల్ఫేట్ గణనీయంగా తగ్గిందని తెలిపినవి కూడా ఆ సీసాలే.

భారత వాతావరణ శాఖ విశాఖపట్నం, జోధ్‌పూర్, శ్రీనగర్, మోహన్‌బారి, కొడైకెనాల్ మొదలైన కేంద్రాలలో దీర్ఘకాలంగా వాననీటిని సేకరిస్తున్నది. పది కేంద్రాలలో 1987 నుండి 2021 వరకు లభించిన వివరాలను పరిశీలించినప్పుడు విశాఖపట్నం, ప్రయాగరాజ్, మోహన్‌బారిలలో వాన క్రమంగా ఆమ్లత వైపు మొగ్గుతున్నట్లు వెల్లడైంది. జోధ్‌పూర్, శ్రీనగర్‌లలో థార్ ఎడారి ధూళి ఆ మార్పును అడ్డుకుంటున్నది.

ఒకనాటి వాన ఒక వాక్యం మాత్రమే. ఏళ్ల తరబడి, ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఏమరుపాటు లేకుండా సేకరించిన వానలే గ్రంథమవుతాయి. ఒక్క ఋతువు నమూనాలు పోతే ఆ పుట మరల వ్రాయడం ఎవరి తరమూ కాదు. ఏ ప్రచారమూ లేకుండా సీసా కడిగి, తేదీ వ్రాసి, అంకెను సరిచూసే ఉద్యోగి శ్రద్ధపైనే ఒక చెరువు భవిష్యత్తు, ఒక చట్టం బలం ఆధారపడి ఉన్నాయి.