మందు కొట్టని గోధుమలో కూడా గ్లూటెన్ ఉంటుంది: సిలియాక్ ఉన్నవాళ్లకి మనం ఏం ఇవ్వాలి?



మన దగ్గర దేశవాళీ బియ్యం, జొన్నలు, కొర్రలు కొనేవాళ్ల నుంచి ఈమధ్య ఒక ప్రశ్న వస్తోంది. "మా పాపకి గోధుమ పడదని డాక్టరు గారు చెప్పారండీ. మందులు కొట్టకుండా పండించిన ఖప్లీ గోధుమలైతే పెట్టొచ్చా?" అని. మనలో కొంతమంది వెంటనే "ప్రకృతి వ్యవసాయంలో పండింది కదమ్మా, ఏమీ కాదు, ధైర్యంగా పెట్టండి" అనేస్తున్నాం. మంచి మనసుతోనే అంటున్నాం. కానీ ఆ పాపకి ఉన్నది సిలియాక్ జబ్బు అయితే మన మాట నమ్మి పెట్టిన ప్రతి చపాతీ ఆ పిల్ల పేగుని దెబ్బతీస్తుంది. అందుకే ఈ విషయం వివరంగా రాస్తున్నాను. వీడియో చూసినవాళ్లు కూడా ఇది ఒకసారి చదవండి, లెక్కలన్నీ ఇక్కడ ఉన్నాయి.

కంచికచర్ల మండలం చెవిటికల్లు గానీ, ఇటు నందిగామ, అటు జగ్గయ్యపేట గానీ, మన మెట్టలో గోధుమ పంట లేదు. పత్తి, మిర్చి, కంది, పెసర, మొక్కజొన్న, నీళ్లున్నచోట వరి. గోధుమ మనకి బయటి నుంచి వచ్చే సరుకే. మరి మనకెందుకు ఈ గొడవ అంటారా? సిలియాక్ ఉన్నవాళ్లు జీవితాంతం తినగలిగిన గింజలు పండేది మన నేలల్లోనే. వాటిని శుభ్రంగా చేర్చడం, చెడగొట్టడం రెండూ మన చేతుల్లోనే ఉన్నాయి.

అసలు ఏమిటీ జబ్బు?

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల గింజల్లో ఉండే ఒక రకం మాంసకృత్తుల్ని కలిపి గ్లూటెన్ అంటారు. చపాతీ పిండి సాగడానికి, రొట్టె పొంగడానికి కారణం ఇదే. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. సిలియాక్ ఉన్నవాళ్లలో మాత్రం గ్లూటెన్ లోపలికి వెళ్లగానే వాళ్ల సొంత రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరమీద దాడి చేస్తుంది. ఆ పొరమీద ఆహారాన్ని పీల్చుకునే సన్నటి నూగులాంటి పోగులు ఉంటాయి. అవి చదునైపోతాయి. ఎంత మంచి తిండి తిన్నా ఒంటికి పట్టదు.

లక్షణాలు అందరికీ ఒకేలా ఉండవు. కొందరికి విరేచనాలు, కడుపు ఉబ్బరం. కొందరికి ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత. పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం. పెద్దవాళ్లలో ఎముకలు బలహీనపడడం. కొంతమందికి మోచేతులు, మోకాళ్లమీద పొక్కులు వచ్చి విపరీతమైన దురద.

దీనికి గోధుమే కారణమని తేలడం వెనక ఒక కథ ఉంది. హాలండ్‌లో విలెమ్ డికే అనే పిల్లల డాక్టరు చాలాకాలంగా గోధుమ రొట్టెని అనుమానిస్తూ ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో అక్కడ కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. యుద్ధం అయిపోయి రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. ఈ రోజుకీ దీనికి వైద్యం ఒక్కటే: గ్లూటెన్ పూర్తిగా, జీవితాంతం మానెయ్యడం.

మన వైపు కూడా ఉందా?

ఉంది, తక్కువగా. మన దేశ వైద్యులు ఉత్తరాన హర్యానా, ఈశాన్యాన అస్సాం, దక్షిణాన తమిళనాడులోని వేలూరు ప్రాంతాల్లో 23 వేలమందికి పైగా పెద్దవాళ్లని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యిమందిలో ఉత్తరాన సుమారు 12 మందికి, ఈశాన్యాన సుమారు 9 మందికి, దక్షిణాన ఒక్కరికి రక్తపరీక్షలో ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు కనబడ్డాయి. ఈ జబ్బుకి అవకాశమిచ్చే జన్యువులు మాత్రం మూడుచోట్లా దాదాపు మూడోవంతు మందిలో ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. మనిషి రోజుకి తినే గోధుమ ఉత్తరాన సగటున 455 గ్రాములు, ఈశాన్యాన 37, దక్షిణాన 25 గ్రాములు. అయితే గోధుమ తక్కువ తినే ఈశాన్యంలో కూడా 9 మందిలో ఆ యాంటీబాడీలు కనబడ్డాయి కాబట్టి గోధుమ ఒక్కటే కారణం అని తేల్చెయ్యకూడదు.

ఇప్పుడు మన ఊళ్లలో కూడా షుగర్ వచ్చిందంటే రాత్రిపూట చపాతీయే. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం పిల్లలకి బిస్కెట్లు. 25 గ్రాముల రోజులు పోతున్నాయి. తగ్గని రక్తహీనతతో తిరిగే మనిషికి ఇది కూడా ఉండొచ్చేమో అని మన వైపు చాలామందికి తట్టదు.

గోధుమ పడకపోవడం అంతా ఒకటి కాదు

గోధుమ అలర్జీ వేరు. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. మూడో రకం, సిలియాక్ కాదు, అలర్జీ కాదు, కానీ గోధుమ తింటే ఉబ్బరం, నొప్పి. ఇందులో పేగు దెబ్బతినదు. కొందరిలో కారణం గ్లూటెన్ కాకుండా గోధుమలోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం కావచ్చు. ఉల్లి, వెల్లుల్లిలో కూడా అదే ఉంటుంది.

"ఖప్లీ తింటే నాకు బాగానే ఉంది" అని చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ మూడో రకం అయ్యుండొచ్చు. వాళ్ల అనుభవం అబద్ధం కాదు. కానీ అది సిలియాక్ ఉన్న పాపకి పనికిరాదు. పైకి ఏ బాధా కనబడకుండానే లోపల పేగు దెబ్బతినొచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. అనుమానం రాగానే "ముందు గోధుమ మానేసి చూడండి" అని సలహా ఇవ్వకండి. టీటీజీ అనే రక్తపరీక్ష, ఆ తర్వాత చిన్నపేగు ముక్క తీసి చూసే ఎండోస్కోపీ, రెండూ గోధుమ తింటున్నప్పుడే సరిగ్గా తేలుస్తాయి. ముందే మానేస్తే జబ్బున్నా లేదని రావచ్చు. ఒకరికి తేలితే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లలు, తల్లిదండ్రులు కూడా చూపించుకోవాలి, ఇది రక్తసంబంధంలో నడిచే జబ్బు.

జీవామృతం గ్లూటెన్‌ని తీసెయ్యదు

ఇది మనం ఒప్పుకోవాల్సిన నిజం. గ్లూటెన్ అనేది పురుగుమందు అవశేషం కాదు, యూరియా వల్ల వచ్చింది కాదు. గోధుమ మొలక తన కోసం గింజలో దాచుకునే మాంసకృత్తి. నేల ఎంత బాగున్నా, ఎన్నిసార్లు జీవామృతం పారించినా ఆ గింజలో అది ఉంటుంది. ఖప్లీ, బన్సీ, పైగంబరీ, సోనా మోతీ, ఇవన్నీ పాత రకాలే, అన్నిట్లోనూ గ్లూటెన్ ఉంది. మొలకెత్తించినా, పులియబెట్టినా సిలియాక్ ఉన్నవాళ్లకి సరిపడేంతగా పోదు. కొంచెంకొంచెంగా అలవాటు చేస్తే సర్దుకుంటుంది అనేది కూడా తప్పు.

మన పద్ధతి గొప్పతనం వేరేచోట ఉంది. పలు పంటలు వేస్తాం. మన గింజ ఏ చేలో పండి, ఏ కల్లంలో ఆరి, ఏ సంచిలోకి ఎక్కిందో మనకి తెలుసు. కొనేవాళ్లకి కావాల్సింది ఆ జాడే.

ఏవి తినొచ్చు?

బియ్యం, జొన్న, సజ్జ, రాగి, మొక్కజొన్న, కొర్ర, అండుకొర్ర, సామ, అరిక, ఊద, వరిగ. కంది, పెసర, మినుము, శనగ. వేరుశనగ, నువ్వులు. వీటిల్లో దేంట్లోనూ గ్లూటెన్ లేదు. మన ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి అన్నీ వాళ్లు తినొచ్చు, అందులో గోధుమ కలవకపోతే. జొన్నరొట్టె విరక్కుండా కొందరు గోధుమపిండి కలుపుతారు, ఇడ్లీపిండిలో బొంబాయి రవ్వ వేస్తారు. బయట తినేటప్పుడు అడగాలి.

దాక్కుని ఉండేది ఇంగువలో. షాపులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. పప్పు, పులిహోర, పచ్చడి అన్నిట్లోకీ అదే పోతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, డబ్బామీద చదివి కొనాలి. పాలల్లో కలిపే మాల్టు పొడులు ఎక్కువగా బార్లీతో చేస్తారు. రాగిమాల్టు వేరు, ఒట్టి రాగులతో చేస్తే ఇబ్బంది లేదు. కానీ "పది గింజల పిండి" అని అమ్మేవాటిల్లో గోధుమ, బార్లీ ఉండొచ్చు.

గోధుమ తవుడు మేసిన గేదె పాలు తాగొచ్చా అని రైతులు అడుగుతారు. తాగొచ్చు. గ్లూటెన్ పాలల్లోకి రాదు. అయితే జబ్బు బయటపడిన కొత్తల్లో, పేగు మానేదాకా కొందరికి పాలు అరగవు. తర్వాత సర్దుకుంటుంది.

అసలు చిక్కు పిండిమర దగ్గర

గ్లూటెన్ లేని ఆహారం అని డబ్బామీద రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ఆహార భద్రత సంస్థ నిబంధన. అది ఎంత తక్కువో చూడండి. పది కిలోల జొన్నపిండికి హద్దు 200 మిల్లీగ్రాములు. గోధుమపిండిలో సుమారు పదోవంతు గ్లూటెనే. అంటే 2 గ్రాముల గోధుమపిండి కలిస్తే హద్దు వచ్చేస్తుంది. ఒక టీ చెంచాడు కలిస్తే దాటేస్తుంది.

ఇప్పుడు ఊళ్లో పిండిమర గుర్తు తెచ్చుకోండి. ముందు ఎవరివో గోధుమలు పట్టారు. రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డ సంచిలో మిగిలిన పిండి ఎంత ఉంటుంది? టీ చెంచాడు కన్నా చాలా ఎక్కువ. ఆ వెంటనే మన జొన్నలు పోస్తే మొదట వచ్చేది ఆ కల్తీయే. చేలో ఏడాది పడ్డ కష్టం ఆ ఐదు నిమిషాల్లో పోతుంది.

అందుకని ఇలా చెయ్యండి:

1. సిలియాక్ ఉన్నవాళ్లకి పిండి అమ్మకండి, గింజ అమ్మండి. గింజనైతే వాళ్లు ఏరుకుని, కడిగి, ఆరబెట్టుకుని ఇంట్లో మిక్సీలోనో, గోధుమ తగలని తిరగలిలోనో విసురుకుంటారు.

2. గోధుమలు వచ్చిన గోనెసంచులు దులిపి మళ్లీ వాడకండి. ఈ సరుకుకి కొత్త సంచి పెట్టండి. చేట, జల్లెడ, కొలపాత్ర, తూకం పళ్లెం విడిగా ఉంచండి.

3. అద్దెకి తెచ్చిన నూర్పిడి యంత్రం అంతకుముందు ఏ పంట నూర్చిందో అడగండి. మొదట వచ్చే గింజల్ని పక్కకి తీసి వేరేగా వాడుకోండి.

4. నలుగురైదుగురు కలిసి మర పెట్టుకుంటే అందులో గోధుమ ఎప్పుడూ పట్టకూడదని మొదటి రోజే కట్టుబాటు చేసుకోండి. వారానికోరోజు కడిగి పడతాం అంటే కుదరదు.

5. పరీక్ష చేయించకుండా "గ్లూటెన్ ఫ్రీ" అని రాయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి: "మా చేలో పండిన జొన్న. గోధుమలు ఉన్నచోట నిలవచెయ్యలేదు, మర పట్టలేదు." మీ మరలో గోధుమ కూడా పడుతుంటే ఆ మాటే రాయండి. కొనాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు.

6. ఖప్లీ తెప్పించి అమ్మేవాళ్లు సంచిమీద "ఇది గోధుమే, సిలియాక్ ఉన్నవాళ్లు తినకూడదు" అని పెద్దక్షరాల్లో రాయండి.

ఇంట్లో సిలియాక్ ఉన్న మనిషి ఉంటే అదే పద్ధతి వంటింట్లో కూడా. చపాతీ కాల్చిన పెనం మీద జొన్నరొట్టె వెయ్యకూడదు, పిండి డబ్బాలో చెంచా మార్చకూడదు. పెళ్లిళ్లలో "ఒక్క పూరీకి ఏమవుతుంది, తినమ్మా" అని బలవంతం చెయ్యకండి. ఒక్క పూరీ కూడా వాళ్లకి చాలా ఎక్కువ.

మన దగ్గరికి వచ్చేవాళ్లు ధర చూసి రారు, మాట చూసి వస్తారు. ఈసారి ఎవరైనా "మా పాపకి ఖప్లీ పెట్టొచ్చా" అని అడిగితే "వద్దమ్మా, అది కూడా గోధుమే. మా జొన్నలు తీసుకెళ్లి ఇంట్లోనే విసురుకోండి" అని చెప్పండి. ఒక బస్తా ఖప్లీ అమ్ముడుపోకపోవచ్చు. ఆ పాపకి మాత్రం ఒంటికి పట్టే తిండి దొరుకుతుంది.